పందుల రక్తము తెలుపు రోగవార్త

పంది కాలికి గాయమైనచో ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కి, నొప్పి పెట్టును. ఇది మన కంటికి కనబడును. ఊపిరితిత్తులలోగాని ప్రేగులలోగాని అట్టి వాపు కలిగినపుడు మొదట బయటికి గుర్తు కనబడకపోవచ్చును. పంది మేతకు వచ్చుచునే యుండును. ఒళ్లు మాత్రము పట్టదు. అట్టి సమయమున రక్తమునందు కలుగు మార్పులను గూర్చి సభ్యులకు కొంత తెలుపదలచితిమి.

రక్తములోని ద్రవభాగమున అనేక మాంసకృత్తులు కరగి యుండును. వానిలో పెక్కింటిని కాలేయము తయారుచేయును. శరీరములో ఎచ్చటనైనను సూక్ష్మక్రిములు చొరబడినను, కండ నలిగినను, అచ్చటి కణములు వెలువరించు పదార్థములు రక్తము వెంట పోయి కాలేయమును హెచ్చరించును. అంతట పందియందు సి-రియాక్టివ్ ప్రోటీను, సీరము అమిలాయిడ్-ఏ అనునవి కొన్ని గంటలలోనే పెరుగజొచ్చి, ఒకటి రెండు దినములలో మిక్కుటమగును. హాప్టోగ్లోబిన్ అనునది మెల్లగా పెరిగి, ఎక్కువ దినములు నిలుచును. ఆల్బుమిన్ మాత్రము తగ్గును.

వీనిలో మొదటిది క్రిములకు అంటుకొని, తెల్లకణములు వానిని సులభముగా మ్రింగునట్లు చేయును. హాప్టోగ్లోబిన్, చితికిన ఎఱ్ఱకణముల నుండి వెలువడు రక్తవర్ణకమును పట్టుకొని, అందలి యినుము క్రిములకు ఆహారము కాకుండ కాపాడును. సి-రియాక్టివ్ ప్రోటీనును 1930వ సంవత్సరమున న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను వైద్యులు న్యుమోనియా రోగుల రక్తమునందు కనుగొనిరి. పందులయందును ఇట్టి రక్షణయే కలదు.

రైతునకు ఇందువలన నేమి? ఈ రక్షణ ఊరక రాదు. కండ పెరుగుటకు కావలసిన సారము దీనికి వ్యయమగును. జ్వరము వచ్చిన పంది మేతయు తగ్గించును. కావున రోగము చావు తేకున్నను తూకమును తినివేయును.

రక్తపరీక్ష వాపు కలదని చెప్పును గాని, అది యే రోగమో చెప్పజాలదు. దానిని పశువైద్యుడే నిర్ణయింపవలెను. పంది మేత వదలినను, మంద నుండి తొలగి పడుకొనినను, చల్లని వేళ నీడపట్టున నుండియు శరీరోష్ణము 104 ఫారన్‌హీట్ డిగ్రీలు మించినను, వెంటనే దానిని వేరుపరచి, వేరు తొట్టిలో నీరు, మేత పెట్టి, పశువైద్యునకు కబురంపవలెను. రోగము తేలువరకు ఆ మందలోని పందులను సంతకు తోలరాదు. ఒకరి తొందర అమ్మకము ఊరందరి మందలకు చేటు తేగలదని సభ్యులు మరువకుందురు గాక.