గీజరు పెట్టుటకు ముందు ఫ్యూజు బోర్డును చూడుడు

పూర్వము మన పల్లెలలో స్నానమునకు నీరు కాగులలో, కట్టెల మంటపై కాచుకొనెడివారు. నేడు అనేక గృహములలో విద్యుత్ గీజరు ప్రవేశించినది. పొగ తప్పినది, శ్రమ తగ్గినది. అయితే దీపములకును, పంకాలకును అమర్చిన పాత ఫ్యూజు బోర్డునకే గీజరును తగిలించుట ప్రాణాపాయము. ఈ విషయమును పంచాయతీ సభ్యులు చక్కగా గ్రహించి, గ్రామస్థులకు తెలియజెప్పవలెనని కోరుచు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

లెక్క యేమి?

మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. పరికరముపై వ్రాసియున్న వాట్లను 230చే భాగించినచో, అది తీసికొను ఆంపియర్లు తెలియును. 60 వాట్ల పంకాకు పావు ఆంపియరు చాలును. 2,000 వాట్ల గీజరునకు సుమారు 9, అప్పటికప్పుడు నీరు కాచు 3,000 వాట్ల గీజరునకు 13 ఆంపియర్లు కావలెను. అనగా ఈ రెండవ గీజరొక్కటి యాబది పంకాలకు సమానము! తీగలో కరెంటు రెండింతలైన వేడిమి నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. సన్నని తీగ ఆ వేడిమికి తాళలేదు. పైతొడుగు కరగి అగ్ని పుట్టును.

ఫ్యూజు తీగ ఇంటికి కావలివాడు. బరువు మించినపుడు తాను కాలిపోయి ఇంటిని కాపాడును. గీజరు వేసినపుడెల్ల ఫ్యూజు పోవుచున్నదని కొందరు లావుపాటి రాగి తీగను చుట్టుచున్నారు. ఇది కావలివానిని కట్టివేయుట వంటిది. అప్పుడు ఫ్యూజునకు బదులు గోడలోని తీగయే కాలును.

చేయవలసిన పనులు

1. మంజూరైన లోడు ఎంతయో కరెంటు బిల్లులో చూడవలెను. చాలనిచో అదనపు లోడునకై విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేయవలెను. మీటరు సీలును ఎవరును ముట్టరాదు.

2. బోర్డు నుండి గీజరునకు ప్రత్యేకముగా తీగ లాగవలెను, నడుమ అతుకులుండరాదు. 2,000 వాట్లకు 2.5, 3,000 వాట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మేలు. పాత ఫ్యూజు స్థానమున 16 ఆంపియర్ల ఎం.సి.బి. అమర్చవలెను.

3. ఎర్తు తప్పనిసరి. గీజరు లోపలి కాయిలు చెడినచో కరెంటు దాని లోహపు ఒంటికి, నీటికి చేరును. ఎర్తు ఉన్నచో ఆ కరెంటు భూమిలోనికి పోవును. లేనిచో స్నానము చేయువాని దేహమే దారి యగును.

4. ఎం.సి.బి. తీగను కాపాడును గాని మనిషిని కాపాడలేదు. ఆంపియరులో పదవ వంతు కరెంటే ప్రాణము తీయగలదు. దానికి 16 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు. కావున 30 మిల్లీ ఆంపియర్లకు ఆగిపోవు ఆర్.సి.సి.బి.ని కూడ పెట్టవలెను. వెళ్లిన కరెంటును, తిరిగివచ్చిన కరెంటును ఇది సరిచూచి, తేడా కనబడగనే సరఫరా నిలుపును. దాని పరీక్ష బొత్తామును నెలకొకసారి నొక్కి చూడవలెను.

5. స్విచ్చి స్నానపు గదికి వెలుపల నుండవలెను. తడి చేతితో దానిని తాకరాదు. ఈ పనులన్నియు లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయించవలెను.

పంచాయతీ బాధ్యత

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు క్రింద చలికాలపు ఉదయమున 3,000 వాట్ల గీజర్లు ఎనిమిది ఒక్కమారు పనిచేసినచో, దాని శక్తి యంతయు వానికే సరిపోవును. లోడు దాచినచో ట్రాన్స్‌ఫార్మరు కాలి వీధియంతయు చీకటి యగును. లోడు తెలిపినచో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కొరకు పంచాయతీ ధైర్యముగా అడుగవచ్చును.

బోర్డు మార్చుటకు ఖర్చగుమాట నిజమే. గీజరు కొను నాడే ఆ ఖర్చును కూడ లెక్కలో చేర్చుకొనుడని గ్రామసభలో చెప్పుడు. ముందుగా పంచాయతీ కార్యాలయము, అంగన్‌వాడీ, పాఠశాలల బోర్డులను పరీక్ష చేయించుడు. మీరు చేసి చూపినదానిని గ్రామము తానుగా అనుసరించును.