ఇంజన్‌కి ఇల్లు కట్టి చూడు

మోడల్ రైల్వేలో స్టేషన్ అందరూ కడతారు. లోకో షెడ్ దగ్గరికి వచ్చేసరికే అసలు లెక్కలు బయటపడతాయి. స్టేషన్ పక్కన రైలు ఆగితే చాలు, షెడ్‌లోకి మాత్రం ఇంజన్ దూరాలి. కొంచెం తేడా వచ్చినా గోడకి గీసుకుంటుంది. ఇంజన్ ధర వేలల్లో ఉంటుంది, గోడ ధర ఒక సన్‌బోర్డ్ షీట్ అంత. కాబట్టి ముందు కొలతలు.

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87. లాలాగూడ షెడ్‌లో కనిపించే డబ్ల్యూఏపీ-7 పొడవు సుమారు 20.5 మీటర్లు, 87తో భాగిస్తే 236 మి.మీ. వెడల్పు 36, పాంటోగ్రాఫ్ దించితే ఎత్తు 49. అందుకని షెడ్ లోపలి పొడవు 290, గుమ్మం వెడల్పు 50, ఎత్తు పట్టా మీద నుంచి 65 పెట్టుకోవచ్చు. నిజం షెడ్‌లాగా బోలెడు లైన్లు వేయాలనిపిస్తుంది గానీ, టేబుల్ మీద రెండు చాలు. గుమ్మం ముందు ఒక ఇంజన్ పొడవంత పట్టా తిన్నగా ఉండాలి. వంపులో ఇంజన్ మూలలు బయటికి పొడుచుకొస్తాయి.

ఇంకో మాట. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. కాబట్టి లెక్క ప్రకారం 19.3 రావాలి. కానీ హెచ్‌ఓ పట్టాలు 16.5 మాత్రమే, ఎందుకంటే అవి 1435 గేజ్‌కి చేసినవి. ఈ రాజీకి ఒప్పుకోవడమే నయం. లేదంటే చక్రాలతో సహా అన్నీ మనమే చేసుకోవాలి.

షెడ్‌కి అందం ఇచ్చేది పిట్, అంటే మెకానిక్ దిగి ఇంజన్ అడుగు చూసే గుంత. ఈ స్కేల్లో మనిషి రెండు సెంటీమీటర్లు ఉంటాడు, గుంత లోతు 15 మి.మీ. చాలు. అక్కడ స్లీపర్లు ఉండవు, పట్టాలు గుంత గోడల మీదే కూర్చుంటాయి. మరి 16.5 దూరం చెదరకుండా ఎలా? గుంతకి రెండు చివర్లా పీసీబీ ముక్కల్ని స్లీపర్లుగా పెట్టి పట్టాల్ని సోల్డర్ చేయాలి. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పారేసే ముక్కలు సరిపోతాయి. మధ్యలో రాగి పొరని గీకి తెంచడం తప్పనిసరి, లేకపోతే రెండు పట్టాలూ షార్ట్ అవుతాయి.

ఇప్పుడు వెనక గోడ సంగతి. 12 వోల్టుల డీసీ లేఅవుట్‌లో కంట్రోలర్ ఆపడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంజన్ గోడని గుద్దేస్తుంది. దీనికి మందు ఒక 1ఎన్4007 డయోడ్. గుమ్మానికి 30 మి.మీ. లోపల ఒక పట్టాని తెంచి, ఆ ఖాళీకి అడ్డంగా డయోడ్ కలపాలి. లోపలికి వచ్చే దిశలో అది కరెంటు ఆపుతుంది. చివరి చక్రం తెంపు దాటగానే ఇంజన్ ఆగుతుంది, గోడకి ఇంకా నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. రివర్స్ చేస్తే పోలారిటీ మారి డయోడ్ దారిస్తుంది, ఇంజన్ బయటికొస్తుంది. 0.7 వోల్టులు తగ్గినా పట్టించుకోనక్కర్లేదు. తెంపు కచ్చితంగా ఎక్కడో మీ ఇంజన్ చివరి చక్రం కొలిచి నిర్ణయించండి. పక్క లైన్‌లో ఆగిన ఇంజన్ కదలకుండా ప్రతి లైన్‌కీ విడిగా ఒక స్విచ్ కూడా పెట్టాలి.

డీసీసీలో ఈ డయోడ్ పనికిరాదు. అక్కడ ప్రతి ఇంజన్‌కీ ఒక అడ్రస్ ఉంటుంది, తన అడ్రస్‌తో వచ్చిన ప్యాకెట్‌నే పాటిస్తుంది. కొత్త డీకోడర్లు అన్నీ మామూలుగా 3తోనే వస్తాయి. మార్చకుండా రెండు కొత్త ఇంజన్లు పెడితే ఒకదాన్ని పిలిస్తే రెండూ బయల్దేరతాయి.

లైట్లకి తెల్ల ఎల్‌ఈడీకి ఒక కిలో-ఓమ్ రెసిస్టర్ చొప్పున. గోడల లోపలివైపు ముందే నల్ల రంగు వేయకపోతే షెడ్ మొత్తం లాంతరులా వెలుగుతుంది. థర్మోకోల్ వాడితే సూపర్‌గ్లూ వద్దు, కరిగిపోతుంది. పైకప్పు మాత్రం అతికించకండి. ఇంజన్ పట్టా తప్పేది ఎప్పుడూ చెయ్యి పట్టని మూలలోనే.