మా అబ్బాయిని కాలేజీకి పంపవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. బుద్ధిమాంద్యం ఉంది, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసయ్యాడు. కాలేజీకి వెళ్తానంటున్నాడు. నాకేమో భయం. ఏం చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: పంపండమ్మా. వెళ్తానని తనే అడగడం చాలా మంచి మాట.

ముందు యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. మూర్ఛ ఒక్కటే ఉంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలోకి రాదు. మేధో వైకల్యం (బుద్ధిమాంద్యం) మాత్రం ఆ జాబితాలో ఉంది. అది 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్, వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు వర్తిస్తాయి. పరీక్షల్లో అదనపు సమయం, అవసరమని డాక్టరు ధ్రువీకరిస్తే రాసిపెట్టే సహాయకుణ్ణి కూడా అడగండి. డిగ్రీ బరువనిపిస్తే వృత్తి కోర్సు చూడండి. ఏది నప్పుతుందో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్య జాతీయ సంస్థలో పరీక్షించి చెబుతారు.

చేరకముందే ప్రిన్సిపాల్‌ని, క్లాస్ టీచర్‌ని కలవండి. బ్యాగు ముందు అరలో ఒక చీటీ పెట్టండి. అందులో మందుల పేర్లు, మీ ఫోన్ నంబరు, ఈ నాలుగు మాటలు రాయండి: ‘ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టకండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.’ ఇద్దరు ముగ్గురు స్నేహితులకూ ఇవి నేర్పండి.

మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు, రాత్రి నిద్ర చెడకూడదు. బస్సు ప్రయాణం మొదటి నెల మీరు తోడుండి అలవాటు చేయండి.

జబ్బును దాచకండి. తెలిసినవాళ్లే ఆ క్షణంలో ఆదుకోగలరు.