పొలం షెడ్డుకి సోలార్, లిథియం బ్యాటరీ: కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

మా పొలంలో పెట్టుకున్న సోలార్ సెటప్‌ని పైన వీడియోలో చూపించాను. వీడియోలో లెక్కలు గబగబా వెళ్లిపోతాయి కాబట్టి, అవే లెక్కలు కాగితం, పెన్ను పట్టుకుని మీరూ వేసుకునేలా ఇక్కడ రాస్తున్నాను.

మాది కదిరి వైపు మెట్ట పొలం. బోరుకి వ్యవసాయ లైను ఉంది, పగటి పూట 9 గంటలు త్రీఫేజ్ వస్తుంది. అది బోరుకే. ఆవులు, విత్తనాల గది, మేము పడుకునే షెడ్డు ఉన్న చోటికి మాత్రం ఇంటి కరెంటు లేదు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. ఆవులు పొలంలోనే ఉండాలి, మనిషి కూడా పొలంలోనే ఉండాలి, రాత్రికి వెలుతురు కావాలి.

ముందే ఒక మాట. మీ షెడ్డుకి రెండు మూడు స్తంభాల దూరంలో ఇంటి కరెంటు లైను ఉంటే ఆ కనెక్షనే తీసుకోండి. బ్యాటరీలో నిల్వ చేసిన యూనిట్ ఎప్పుడూ లైను యూనిట్ కంటే ఖరీదే. లైను రాని చోటికే ఈ పాఠం.

వాన, కుంట, తూము

ఈ సిస్టమ్‌ని మన భాషలో ఇలా అర్థం చేసుకోండి. ప్యానెల్ వాన లాంటిది, పగలే కురుస్తుంది, మబ్బు పడితే తగ్గుతుంది. బ్యాటరీ మన ఫారం పాండ్. ఇన్వర్టర్ తూము, ఒకేసారి ఎంత నీళ్లు వదలగలమో అది చెబుతుంది. మూడింటికీ మూడు వేరు వేరు లెక్కలు. "5 కిలోవాట్ సిస్టమ్ పెట్టించుకోండి" అనే మాటలో ఈ మూడింటిలో ఏది 5 అన్నది తెలియదు.

మా పక్క పొలం మామకి ఇలాగే జరిగింది. అమ్మినతను ఆయన ఏం వాడతాడో అడగకుండానే 5 కిలోవాట్ల ఇన్వర్టర్ అంటగట్టాడు. బ్యాటరీ మాత్రం చిన్నది. రాత్రి రెండు గంటలకు అంతా ఆగిపోతుంది. "అల్లుడూ, ఇంత పెద్ద మిషను పెట్టినా తెల్లారేదాకా ఫ్యాను తిరగడం లేదే" అని అడిగాడు. తూము పెద్దది, కుంట చిన్నది మామా అని చెప్పాను. తూము ఎంత పెద్దది చేసినా కుంటలో నీళ్లు పెరగవు కదా.

మొదటి లెక్క: రోజుకి ఎన్ని యూనిట్లు

ఒక్కో వస్తువు వాట్లను అది నడిచే గంటలతో గుణించాలి. 1,000 వచ్చిందంటే ఒక యూనిట్. మా షెడ్డు లెక్క ఇది:

- ఎల్ఈడీ బల్బులు 6 × 9 వాట్లు × 5 గంటలు = 270
- బీఎల్‌డీసీ ఫ్యాన్లు 2 × 30 వాట్లు × 12 గంటలు = 720
- చిన్న ఫ్రిజ్, మన ఎండలో, రోజుకి సుమారు = 900
- సీసీ కెమెరాలు 4, రికార్డర్, రూటర్ అన్నీ కలిపి 40 వాట్లు × 24 గంటలు = 960
- ఫోన్లు, టార్చిలైట్లు, ల్యాప్‌టాప్ = 150
- మిక్సీ 750 వాట్లు × పావుగంట = 190
- ట్యాంకుకి నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారు, సుమారు 600 వాట్లు × 1 గంట = 600

మొత్తం 3,790. అంటే దగ్గర దగ్గర 3.8 యూనిట్లు.

ఈ పట్టికలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, కెమెరాలు. 40 వాట్లంటే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ 24 గంటలూ నడుస్తాయి కాబట్టి ఫ్రిజ్ కంటే ఎక్కువే తింటున్నాయి. పెద్ద వస్తువు కాదు, ఆగని వస్తువు మనల్ని ముంచుతుంది. రెండు, ఫ్యాన్లు. పాత రకం ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. అలాంటివి రెండు 12 గంటలు తిరిగితే 1,800 అవుతుంది. బీఎల్‌డీసీకి మారితే రోజుకి ఒక యూనిట్ పైనే మిగులుతుంది. ఆ యూనిట్‌కి ప్యానెల్, బ్యాటరీ కొనడం కంటే ఫ్యాన్లు మార్చడమే చవక.

ఇంకో దొంగ ఉన్నాడు. ఇన్వర్టర్ ఏ లోడూ లేకపోయినా ఆన్‌లో ఉన్నంతసేపూ తనకోసం కొంత కరెంటు తింటుంది. 40 వాట్లు అనుకుంటే రోజుకి 960. దీనికి తోడు డీసీని ఏసీగా మార్చడంలో పది శాతం దాకా పోతుంది. 3,790ని 0.9తో భాగిస్తే 4,210, దానికి 960 కలిపితే సుమారు 5,170. మనం వాడుకునేది 3.8 యూనిట్లు, తయారు చేయాల్సింది 5.2 యూనిట్లు. కొటేషన్లలో ఈ తేడా కనపడదు.

రెండో లెక్క: బ్యాటరీ రాత్రి కోసం

పగలు నడిచేవి ప్యానెల్ మీదే నడుస్తాయి. బ్యాటరీని సాయంత్రం 5 నుంచి పొద్దున 8 దాకా, అంటే 15 గంటలకి లెక్కేయండి. మా దగ్గర బల్బులు 270, ఫ్యాన్లు రాత్రి 9 గంటలకి 540, ఫ్రిజ్, కెమెరాలు కలిపి 1,160, ఫోన్లు 100. మొత్తం 2,070. మార్పిడి నష్టంతో 2,300, ఇన్వర్టర్ సొంత తిండి 600. అంటే 2.9 యూనిట్లు.

బ్యాటరీని అడుగంటా పిండకూడదు. లిథియంలో 80 శాతం వాడుకుందాం. 2.9ని 0.8తో భాగిస్తే 3.6 యూనిట్ల బ్యాటరీ కావాలి. మార్కెట్‌లో దొరికే 51.2 వోల్ట్‌ల 100 ఏహెచ్ బ్యాటరీ 5.12 యూనిట్లది. అందులో 80 శాతం 4.1. తెల్లారేసరికి ఒక యూనిట్ పైనే మిగులుతుంది. మాకు అదే సరిపోయింది.

కొనేటప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమేనా అని అడగండి. వేడిని తట్టుకోవడంలో, మంట భయం తక్కువగా ఉండడంలో ఇళ్లకి, షెడ్లకి ఇదే మేలు. ఇందులో ఒక్కో సెల్ 3.2 వోల్ట్‌లు, 16 సెల్స్ వరుసగా కలిపితే 51.2. లోపల బీఎంఎస్ అనే కాపలాదారు ఉండాలి. ఎక్కువ ఛార్జ్, ఎక్కువ ఖాళీ, ఎక్కువ వేడి, షార్ట్ సర్క్యూట్ వస్తే అదే లైను తెంచేస్తుంది.

ట్యూబులర్ బ్యాటరీతో పోల్చి చూద్దాం. 12 వోల్ట్‌ల 150 ఏహెచ్ ట్యూబులర్‌లో 1.8 యూనిట్లు ఉంటాయి, కానీ ఎక్కువ కాలం మన్నాలంటే సగమే వాడుకోవాలి. నాలుగు కలిపి వాడుకునేది 3.6 యూనిట్లు. ఇలా వాడితే 1,200 సార్లు నింపి ఖాళీ చేయొచ్చు అనుకుంటే జీవితకాలంలో 4,320 యూనిట్లు ఇస్తాయి. లిథియంది 4.1 యూనిట్లు, 4,000 సార్లు అనుకుంటే 16,400 యూనిట్లు. మీ చేతిలో ఉన్న రెండు కొటేషన్ల ధరలని ఈ అంకెలతో భాగించండి. లెక్క కోసం ట్యూబులర్ సెట్ 60,000, లిథియం 80,000 అనుకుంటే యూనిట్ నిల్వ ఖర్చు మొదటిదానికి దాదాపు 14 రూపాయలు, రెండోదానికి 5 రూపాయల లోపు. బిల్లు కాదు, యూనిట్ చూసి కొనాలి.

మూడో లెక్క: ప్యానెల్ ముసురు నెల కోసం

మన రెండు రాష్ట్రాల్లో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తుంది. కానీ సగటు చూసి పెట్టుకుంటే జులై, ఆగస్టులో ఇబ్బంది పడతాం. 3 యూనిట్లకే లెక్కేయండి. 5.2ని 3తో భాగిస్తే 1.73 కిలోవాట్లు. 540 వాట్ల ప్యానెల్స్ నాలుగు పెడితే 2.16 కిలోవాట్లు అవుతుంది. మంచి ఎండ రోజున మిగిలే కరెంటుని మోటారుకి, మిక్సీకి పగలే వాడేసుకోవాలి.

మరి వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు పడితే? అప్పుడు కిలోవాట్‌కి ఒక యూనిట్ రావడమే గగనం, అంటే మనకి 2 యూనిట్లు. ఆ మూడు రోజుల కోసం బ్యాటరీ రెట్టింపు చేయడం దండగ. ముసురు జాబితా ఒకటి రాసి గోడకి అంటించండి. మా జాబితాలో 3 బల్బులు, ఒక ఫ్యాను, ఫోన్లు, ఒక కెమెరా, రూటర్. ఇన్వర్టర్ తిండితో కలిపి 2.1 యూనిట్లే, వచ్చేదానికి సరిపోతుంది. ఫ్రిజ్ కూడా నడవాలంటే రోజుకి ఇంకో యూనిట్ లోటు. నిండు బ్యాటరీతో మొదలుపెడితే రెండు మూడు రోజులు నెట్టుకు రావచ్చు. ఫ్రిజ్‌లో విత్తనాలు, పెరుగు, పశువుల మందులు ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, ముందే తేల్చుకోవాలి. దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలి.

ఇన్వర్టర్: ఒకేసారి ఏవేవి నడుస్తాయి

మోటారు 600, మిక్సీ 750, ఫ్రిజ్ 150, మిగతావి 200 కలిసి నడిస్తే 1,700 వాట్లు. కానీ మోటారు, ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు లాగుతాయి. అందుకే 3 కిలోవాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, 48 వోల్ట్‌లది తీసుకున్నాం. పెట్టె మీద కేవీఏ రాసి ఉంటే కిలోవాట్ ఎంతో అడగండి. కొన్నిట్లో 3 కేవీఏ అంటే 2.4 కిలోవాట్లే.

48 వోల్ట్‌లే ఎందుకంటే, 3,000 వాట్లు తీయాలంటే 12 వోల్ట్‌ల దగ్గర 250 యాంపియర్లు పారాలి, 48 దగ్గర 62 యాంపియర్లే. వైరు సన్నబడుతుంది, వేడి తగ్గుతుంది.

ఇన్వర్టర్ ప్యానెల్స్ వైపు ఎన్ని వోల్ట్‌లు తట్టుకుంటుందో తప్పకుండా చూడండి. 540 వాట్ల ప్యానెల్ ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 50 వోల్ట్‌లు ఇస్తుంది, చలికాలం పొద్దున ఇంకొంచెం పెరుగుతుంది. నాలుగూ వరుసగా కలిపితే 200 దాటుతుంది. 145 వోల్ట్‌ల పరిమితి ఉన్న ఇన్వర్టర్‌కి అలా కలిపితే కాలిపోతుంది. దానికి రెండు రెండుగా కలపాలి.

బిగించేటప్పుడు వదలకూడనివి

- ఇన్వర్టర్‌లో బ్యాటరీ రకం లిథియం అని సెట్ చేయించండి. ట్యూబులర్ సెట్టింగ్‌లో వదిలేస్తే వోల్టేజ్ హద్దు దాటిపోతుంది. 16 సెల్స్ బ్యాటరీకి 56 వోల్ట్‌ల దగ్గర ఛార్జింగ్ ఆపడం మంచిది. మీ బ్యాటరీ పుస్తకంలో ఉన్న అంకే ఫైనల్.
- బ్యాటరీ రేకుల కింద వద్దు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు లోపల 45 డిగ్రీలు దాటితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మట్టిగోడ, బోద కప్పు ఉన్న గది, గాలి ఆడే చోటు దీనికి బాగుంటుంది.
- డీసీ వైపు డీసీ ఎంసీబీలే వాడాలి. ఏసీ ఎంసీబీ డీసీ మంటని ఆర్పలేదు, అక్కడే నిప్పు పుడుతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.
- పొలంలో మన షెడ్డే ఎత్తుగా ఉంటుంది, పిడుగుల భయం ఎక్కువ. ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్షన్ డబ్బు మిగుల్చుకునే చోట్లు కావు. వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి.
- ప్యానెల్స్ దక్షిణం వైపు 15 డిగ్రీల వాలుతో పెట్టండి. చెట్టు నీడ ఒక్క మూల పడినా ఆ వరుస మొత్తం తగ్గుతుంది. దుమ్ముని ఎండెక్కక ముందే, పొద్దున్నే కడగాలి.
- ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వైర్లన్నీ పైపుల్లో నుంచే పోవాలి.

బోరుని బ్యాటరీ మీద పెట్టకండి

చాలామంది అడిగేది ఇదే. 5 హెచ్‌పీ మోటారు సుమారు 4.5 కిలోవాట్లు లాగుతుంది. మూడు గంటలు నడిస్తే 13.5 యూనిట్లు. పైన చెప్పిన బ్యాటరీలు మూడు పెట్టినా చాలవు. పగలు లైను మీదో, బ్యాటరీ లేని సోలార్ పంపు మీదో నీళ్లు తోడి ఎత్తైన ట్యాంకులో, ఫారం పాండ్‌లో నింపండి. రాత్రి ఆవులకి నీళ్లు, పొద్దున డ్రిప్పు, అన్నీ వాటంతటవే పారతాయి. నీళ్లని నిల్వ చేయడం చవక, కరెంటుని నిల్వ చేయడం ఖరీదు. సాధ్యమైనంత పనిని నీళ్లలోకి మార్చండి.

సోలార్ పంపు పెట్టుకునేవాళ్లు యూనివర్సల్ కంట్రోలర్ గురించి అడగండి. పంపు అక్కర్లేని గంటల్లో అవే ప్యానెల్స్‌తో గడ్డి కత్తిరించే మిషను, పిండిమర లాంటివి నడపొచ్చు. బ్యాటరీ లేని సోలార్ పంపులకి కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకం ఉంది. మన రాష్ట్రంలో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ లైనుకి కలిపే ఇంటి పైకప్పు సోలార్‌కి. పొలం షెడ్డులో లైను లేకుండా పెట్టే సెటప్‌కి అది వస్తుందని ఎవరైనా చెబితే నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి.

ఈ వారం చేయాల్సిన పని

ఏడు రోజులు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ వస్తువు, ఎన్ని వాట్లు, పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు అని నాలుగు గడులు గీయండి. ఆ పేజీతోనే షాపుకి వెళ్లి అయిదు ప్రశ్నలు అడగండి. బ్యాటరీలో నేను వాడుకోగలిగేది ఎన్ని యూనిట్లు? ఇన్వర్టర్ ఖాళీగా ఎన్ని వాట్లు తింటుంది? ప్యానెల్ వైపు వోల్టేజ్ పరిమితి ఎంత? వారంటీ ఏళ్లలోనా, సైకిల్స్‌లోనా? రిపేరు వస్తే మనిషి పొలానికి వస్తాడా, మేము బ్యాటరీ మోసుకుని రావాలా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పినవాడి దగ్గరే కొనండి.