బుల్లోణ్ణి విమానం ఎక్కించమంటారా?

సమస్య

నాకు అరవై దాటాయి. టీచరుగా చేసి రిటైరయ్యాను. కాకినాడలో సొంతిల్లు. మావారు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో నేనూ, బుల్లోడూ. బుల్లోడంటే మా పగ్. తొమ్మిదేళ్ల కిందట మావారే ముచ్చటపడి తెచ్చారు. ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని ‘వాణ్ణి ఎవరికీ ఇచ్చేయకు’ అన్నారు. ఇవ్వనని మాటిచ్చాను.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. జూన్ మొదటి వారంలో పురుడు. తొలిచూలు. మే నెల సగానికల్లా వచ్చేయమని, ఆరు నెలలు ఉండమని అడుగుతోంది. ‘బుల్లోణ్ణి కూడా తెచ్చేయమ్మా, నీకు బెంగ ఉండదు’ అంటోంది. అల్లుడు హైదరాబాద్‌లో ఒక ఏజెంటుతో మాట్లాడాడు. కుక్కను కార్గోలో పంపిస్తారట. గల్ఫ్‌లో ఒకచోట విమానం మారాలట. ‘నిద్రమాత్ర వేసేస్తామండీ, కళ్లు తెరిచేసరికి డల్లాస్‌లో ఉంటుంది’ అని ఏజెంటు నాకు ధైర్యం చెప్పాడు. నాకు మాత్రం ధైర్యం రాలేదు.

వాడి గురక వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది. ఎండాకాలం పొద్దున్నే నడిపించినా వీధి చివరికి వెళ్లేసరికి కూలబడిపోతాడు, నాలుక నీలంగా అవుతుంది. పగ్‌లు అంతేనని అందరూ అంటారు. బరువు పదకొండు కిలోలు.

‘కుక్క కోసం కూతురి పురుడు మానుకుంటారా వదినా’ అని మా మరిది నవ్వుతున్నాడు. ఆయన కొడుకు గ్రూప్స్‌కి చదువుకుంటున్నాడు. ‘నేనొచ్చి మీ ఇంట్లో ఉంటాను పెద్దమ్మా, వాణ్ణి చూసుకుంటాను’ అంటున్నాడు. మంచి పిల్లాడే. కానీ ఇంకొకరి చేతుల్లో పెట్టి వెళ్లిపోతే మావారికి ఇచ్చిన మాట తప్పినట్టు కాదా? రాత్రులు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, కాకినాడ

సలహా

అమ్మా, మీ నిద్ర పాడు చేస్తున్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. బుల్లోణ్ణి ఆ కార్గోలో పంపకండి. మీరు మాత్రం తప్పకుండా వెళ్లండి.

మీరు రాసిన గురక, కూలబడటం, నాలుక నీలమవడం... ఈ మూడూ చదవగానే నాకు విమానం కంటే ముందు వాడి ఊపిరి గురించి దిగులు పట్టుకుంది. ‘పగ్‌లు అంతే’ అనే మాట నమ్మకండి. నాలుక నీలంగా మారిందంటే ఒంటికి ప్రాణవాయువు చాలడం లేదని. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జూ, పర్షియన్ పిల్లి, వీటన్నిటిలోనూ మనుషులు తరతరాలుగా ముఖం చప్పిడిగా ఉన్నవాటినే ఎంచి పిల్లలు పుట్టించారు. ముఖం ఎముక కురచయింది కానీ లోపలి కండ అంత కురచ కాలేదు. ముక్కు రంధ్రాలు సన్నగిల్లాయి, అంగిలి వెనక మెత్తటి భాగం పొడవై గాలి దారికి అడ్డుగా వేలాడుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పితేనే ఒంట్లో వేడి బయటికి పోతుంది. వీటికి ఆ రొప్పడమే కష్టం. కష్టపడి గాలి లాగిన కొద్దీ గొంతు లోపల వాస్తుంది, వాచిన కొద్దీ దారి ఇంకా ఇరుకవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి ఈ సుడిలో పడితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. మీ కాకినాడ ఉక్కపోతలో రొప్పినా వేడి సరిగా పోదు. అందుకే పొద్దున్నే బయల్దేరినా వాడు కూలబడుతున్నాడు.

2003లో హచ్ మొబైల్ కంపెనీ వాళ్ల పగ్ ప్రకటన వచ్చాక మన ఊళ్లలో పగ్ లేని వీధి లేకుండా పోయింది. ఆ బుల్లి ముఖం వెనక ఇంత బాధ ఉందని కొనేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. అది మీ తప్పు కాదు, మీవారి తప్పూ కాదు.

ఇక విమానం సంగతి. జంతువులను ఉంచే కార్గో గది గడ్డకట్టే చలిలో ఉంటుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అక్కడా ప్రయాణికుల దగ్గరున్నట్టే గాలి ఒత్తిడి ఉంటుంది, వెచ్చదనమూ ఉంటుంది. కాకపోతే ఆ ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే. మనకు తెలియదు కానీ, నేల మీదే గాలి చాలని కుక్కకు ఆ తేడా పెద్దది. అంతకంటే పెద్ద గండం నేల మీద. బోనును బండి మీద పెట్టి విమానం పక్కన నిలబెట్టే సమయం, ఎక్కించే సమయం, గల్ఫ్‌లో దించి మళ్లీ ఎక్కించే సమయం. మే నెలలో అక్కడ పగలు 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తెలియని చోట, తెలియని చప్పుళ్ల మధ్య, మీరు కనిపించక వాడు కంగారుపడి రొప్పుతాడు. గాలిలో ఉన్నంతసేపు ఆ బోను దగ్గరికి వెళ్లి చూసే మనిషి ఉండడు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. విమానంలో జంతువు చనిపోతే చెప్పి తీరాలని అమెరికాలో 2005 మే నుంచి నిబంధన ఉంది. అక్కడి రవాణా శాఖ 2010లో ఆ ఐదేళ్ల లెక్క బయటపెట్టింది. చనిపోయిన 122 కుక్కల్లో సగం దాకా చప్పిడి ముక్కు జాతులవే. బుల్‌డాగ్‌లు 25, పగ్‌లు 11. ఈ జాతులను కార్గోలో తీసుకోబోమని చాలా విమాన సంస్థలు ఇప్పుడు చెప్పేస్తున్నాయి.

నిద్రమాత్ర మాట అన్నాడు చూశారా, ఆ ఒక్క మాటకే ఆ ఏజెంటును వదిలేయవచ్చు. అమెరికా పశువైద్యుల సంఘం ప్రయాణంలో మత్తుమందు వద్దనే చెబుతుంది. మత్తులో గొంతు కండరాలు వదులై గాలి దారి ఇంకా మూసుకుంటుంది. రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది. బోను కుదుపుకు ఒక పక్కకి ఒరిగితే సర్దుకునే తెలివి కూడా ఉండదు.

అసలు ఈ జూన్‌కు కాగితాల ప్రకారం కూడా ఇది అంత సులువు కాదు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నిబంధనలు మారాయి. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మనదీ ఉంది. ముందు మైక్రోచిప్ పెట్టించాలి, ఆ తర్వాత వేసిన రేబిస్ టీకాయే లెక్కలోకి వస్తుంది. చిప్ తర్వాత తొలి టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి వాళ్లు ఒప్పుకున్న ల్యాబ్‌కు పంపాలి. రక్తం తీశాక 28 రోజులు ఆగితేనే ఆ దేశంలో అడుగు పెట్టనిస్తారు. ఆ రక్తపరీక్ష లేకపోతే అక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. దిగడం కూడా ఆరు విమానాశ్రయాల్లోనే: అట్లాంటా, న్యూయార్క్ కెన్నెడీ, లాస్ ఏంజిలిస్, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లస్. చివరి పేరు చూసి మీ అమ్మాయి ఊరనుకునేరు. అది రాజధాని పక్కనున్న విమానాశ్రయం. టెక్సస్‌లోని డల్లాస్ ఈ జాబితాలో లేదు. కళ్లు తెరిచేసరికి డల్లాస్‌లో ఉంటుందన్న మనిషికి ఇది తెలియదో, తెలిసీ చెప్పలేదో. మీతోపాటు సీటు కిందే పెట్టుకుని తీసుకెళ్దామంటే పదకొండు కిలోల కుక్క సీటు కింద పట్టే సంచిలో ఇమడదు.

ఇప్పుడు మీవారి మాట. ‘ఎవరికీ ఇచ్చేయకు’ అన్నారు. తన తర్వాత వాణ్ణి వదిలించుకుంటారేమోనని ఆయన భయం. మీరు వదిలించుకోవడం లేదు కదా. వాడు అదే ఇంట్లో, అదే గుమ్మం ముందు, ఆయన కుర్చీ ఉన్న అదే గదిలో ఉంటాడు. చూసుకునేది కొడుకు వరసైన పిల్లాడు. వాడికి గాలి అందని పెట్టెలో ప్రయాణం పెట్టి మాట నిలబెట్టుకున్నాననుకోవడం కంటే, ఆరు నెలల తర్వాత తలుపు తీసేసరికి వాడు మీ కాళ్లకు అడ్డం పడేలా చూడటమే ఆయన కోరుకునేది అని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీ మరిది నవ్వును పట్టించుకోకండి. కూతురి మీద ప్రేమా, బుల్లోడి మీద ప్రేమా ఒకదానికొకటి పోటీ కావు.

ఆ అబ్బాయిని ఏప్రిల్ చివరినుంచే ఇంటికి వచ్చి ఉండమనండి. ఊరికే చేయించుకోకండి, నెలకింతని చేతిలో పెట్టండి, వద్దన్నా పెట్టండి. నడక తెల్లవారకముందు ఒకసారి, బాగా చీకటి పడ్డాక ఒకసారి, అదీ కాసేపే. మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వేయించండి. ఎండలు ముదిరినప్పుడు పగలంతా ఏసీ గదిలోనే. కరెంటు పోతే ఏం చేయాలో ముందే చూపించి వెళ్లండి: ఒళ్లంతా మామూలు నీళ్లతో తడపాలి, ఫ్యాను గాలి తగలాలి. తడిగుడ్డ కప్పి ఉంచకూడదు, వేడి లోపలే ఆగిపోతుంది. ఒంటి వేడి మామూలుగా 38-39 డిగ్రీలుంటుంది. 41 దాటినా, రొప్పు ఆగకపోయినా, నాలుక నీలమైనా ముందు తడిపి, ఆ వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆటో నంబరూ, డాక్టరు నంబరూ ఫ్రిజ్ మీద అంటించండి.

ఈ వారమే మీరు చేయాల్సిన పని ఒకటుంది. వాణ్ణి మంచి పశువైద్యుడికి చూపించండి. నడిపించక ముందు, మూడు నిమిషాలు చురుగ్గా నడిపించాక గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి వినే పరీక్ష ఉంది. ఇంగ్లాండ్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు అలా విని సున్నా నుంచి మూడు వరకు గ్రేడు ఇస్తారు. నడిపించే ముందు మాత్రం నాలుక నీలమవుతోందని డాక్టరుకు చెప్పండి. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే, అంగిలి కత్తిరించే ఆపరేషన్లు ఉన్నాయి. వాడి వయసుకు మత్తు తట్టుకుంటాడో లేదో గుండె పరీక్ష చేసి చెప్పాలి. గన్నవరం పశువైద్య కళాశాలలో కూడా ఒకసారి అడగండి. ఆపరేషన్ మాట ఎలా ఉన్నా, బరువు తగ్గించడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. పగ్ ఎనిమిది కిలోలకు మించకూడదు. మీ చేతి బిస్కెట్లు మానేసి, తిండి కొలిచి పెట్టమని ఆ అబ్బాయికి గట్టిగా చెప్పండి. కొన్ని నెలల్లో నెమ్మదిగా తగ్గితే చాలు, గురకలో తేడా మీకే తెలుస్తుంది.

రేపెప్పుడైనా మీరు అమ్మాయి దగ్గరే స్థిరపడాల్సి వస్తే అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం. అప్పటికి వాడు చిక్కి, ఊపిరి బాగుపడి, ప్రయాణం చలికాలంలో పడి, మధ్యలో విమానం మారే పని లేకుండా ఉంటేనే. ఆ దారి మూసుకుపోకుండా ఉండాలంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ ఏడాది రేబిస్ టీకా ఇంకా వేయించకపోతే, ముందు మైక్రోచిప్ పెట్టించి ఆ తర్వాతే టీకా వేయించండి. చిప్ నంబరు టీకా పుస్తకంలో రాయించి, ఒక ఫొటో తీసి అమ్మాయికి పంపండి.