క్లబ్బుకు లైసెన్సు ఉందా?

"మాది మామూలు పేకాట కాదు. మా క్లబ్బుకు లైసెన్సు ఉంది. పోలీసుల భయం లేదు, రండి."

ఇట్లా చెప్పి పిలిచేవాళ్లు ఉంటారు. ఆ మాట నిజమేనా? చదివి తెలుసుకుందాం.

డబ్బు పెట్టి జూదం ఆడించే పెద్ద ఆటశాలను కాసినో అంటారు. జూదం మీద చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. అందుకే ఒక రాష్ట్రం ఒప్పుకున్నది ఇంకో రాష్ట్రంలో నేరం అవుతుంది.

"గోవాలో ఉంది కదా! మన దగ్గర ఎందుకు ఉండదు?" అని కొందరు అడుగుతారు.

గోవాలో 1976 నాటి జూద చట్టం ఉంది. దాన్ని 1992లో సవరించారు. ఫైవ్‌స్టార్ హోటళ్లలో జూదం మిషన్లు పెట్టుకోనిచ్చారు. తర్వాత ఓడల మీద కూడా ఆడనిచ్చారు. అయితే ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఏటా ఫీజు కట్టాలి. 21 ఏళ్లు నిండనివాళ్లను రానివ్వకూడదు. ఇంకో సంగతి వినండి. 2020లో గోవా ప్రభుత్వం తన రాష్ట్ర ప్రజలనే ఆ ఆట గదుల్లోకి పోకుండా నిషేధించింది. ఎందుకో ఆలోచించండి.

మన సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 1974 నాటి గేమింగ్ చట్టం సవరణలతో అమల్లో ఉంది. అందులో కాసినోకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు లేదు. లాభానికి జూదం ఆడించడం నేరం. అక్కడ ఆడుతూ దొరికినా నేరమే. ఇల్లే కానక్కర్లేదు. డేరా అయినా, తోట అయినా అంతే.

మరి క్లబ్బువాళ్లు చూపించే కాగితం ఏమిటి? చాలాసార్లు అది సంఘం రిజిస్ట్రేషన్ కాగితం. సంఘం పెట్టుకున్నామని మాత్రమే దాని అర్థం. అది జూదానికి అనుమతి కాదు.

ఓడిపోయినవాళ్లను "బాకీ కట్టు, లేకుంటే పొలం రాసివ్వు" అని బెదిరిస్తారు. భయపడవద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన సొమ్ము ఇప్పించమని కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. అందుకే కొందరు తెలివిగా, చేబదులు ఇచ్చినట్టు నోటు రాయించుకుంటారు. అక్కడే చిక్కు వస్తుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. వేలిముద్ర వేయకండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ప్రతి కాగితాన్నీ చదవండి. అర్థం కాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి.

చర్చించండి:
1. జూదం మీద చట్టం చేసే అధికారం ఎవరిది?
2. సంఘం రిజిస్ట్రేషన్ కాగితానికీ, జూదం లైసెన్సుకూ తేడా ఏమిటి?
3. జూదంలో ఓడిన ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు పడే కష్టాలు ఏమిటి?