కుంటలో కలుపుకు మేత మన చేలోదే

నీళ్లు అడుగంటిన ఈ వేసవి రోజులే పంటకుంటలూ ఊరచెరువులూ బాగుచేసుకునే అదను. గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప పల్లెల్లో గుర్రపుడెక్క, తూటికాడ, నాచు కమ్ముకున్న కుంటను చూడగానే ఏ మందు కొట్టాలనే ఆలోచిస్తున్నాం. అవి ఏం తిని ఇంతలా పెరుగుతున్నాయో ఆలోచించడం లేదు. మంచినీటి కుంటల్లో నాచును ఎక్కువగా అదుపులో ఉంచేది భాస్వరం కొరత. ఆ కొరతను తీరుస్తున్నది మనమే. ఎరువుల లెక్కలో (P2O5 రూపంలో) డీఏపీలో 46 శాతం భాస్వరమే. పైపైన చల్లినది నల్లరేగడి మట్టిని అంటిపెట్టుకుని, పెద్దవాన పడితే ఒండ్రుతోపాటు కుంటలోకి దిగుతుంది.

మందుతో పోయేదానికి కూలీల ఖర్చెందుకన్న మాట ఇవాళ్టి కూలిరేట్లకు సబబుగానే తోస్తుంది. కానీ గుర్రపుడెక్క మీద కొట్టే 2,4-డి ఈ ప్రాంతానికి తగిన మందు కాదు. పత్తి దాన్ని బొత్తిగా తట్టుకోలేదు. గాలికి కొట్టుకొచ్చిన తుంపర తగిలినా ఆకులు బెండాకుల్లా చీలి, సన్నబడి ముడుచుకుపోతాయి. మిరపకూ ముప్పే. పైగా చచ్చిన కలుపు నీళ్లలోనే కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది, చేపలు చస్తాయి. అది పీల్చుకున్న భాస్వరం మళ్లీ నీళ్లలోకే చేరి కొత్త నాచును పెంచుతుంది. నాచుకు వాడే మైలుతుత్తమూ నిలకడైన మార్గం కాదు. సున్నం ఎక్కువున్న నీళ్లలో రాగి త్వరగా అడుగున పేరుకుంటుంది. ఆ పూడికనే రేపు చేలోకి తోలుకుంటాం.

కాబట్టి పీకి బయటికి తీయడమే మేలు, అదీ పూత రాకముందే. గుర్రపుడెక్క గింజ బురదలో ఏళ్లతరబడి బతికి ఉంటుంది. తీసినదాన్ని కట్టమీద వదిలేస్తే తొలివానకే తిరిగి కుంటలో పడుతుంది. దూరంగా గోతిలో పేడతో కలిపి మాగబెడితే కూలి డబ్బులో కొంత ఎరువు రూపంలో చేతికొస్తుంది. వరదనీరు దిగేచోట పూడిక గుంత తవ్వి, దాని పైవైపు నాలుగు గజాలు గడ్డి పెరగనివ్వాలి. చేలో భాస్వరం ఎరువు తగ్గించమంటే కాయ తగ్గుతుందని మిరప రైతుకు భయం. ఆ భయం తప్పని అనను. భూసార పరీక్షలో భాస్వరం నిల్వ ఎక్కువని తేలిన చేలోనే తగ్గించండి. మిగతాచోట్ల మొక్క పక్కన వేసి మట్టి కప్పితే చాలు. పక్కవాళ్ల చేల నీళ్లూ దిగే ఊరచెరువుకైతే ఆయకట్టు రైతులంతా కలిసి పూనుకోవాల్సిందే.

నాచు నీళ్లలో మధ్యాహ్నానికి క్షారగుణం పెరిగి కొన్ని పురుగుమందుల పస తగ్గుతుంది. పిచికారీకి ఆ నీళ్లు వాడకండి. నీటిమీద రంగు పోసినట్టు నీలాకుపచ్చ తెట్టు కట్టిందంటే అందులో విషం ఉండవచ్చు. అది పోయేదాకా పశువులను ఆ కుంటలో దింపకండి.